కార్ఖానాలో ఎవరూ చనిపోలేదు

నేను రిటైరై నాలుగేళ్లయింది. ఈ మధ్య నేను చేసిన పనిలోనే కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు జగిత్యాలలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం, మాకు పనికొస్తాయి" అన్నారు. చాయ్ తాగి, నా దగ్గరున్న పాత నివేదికలకు ఫోన్లతో ఫోటోలు తీసుకుని వెళ్లారు. ఆ నివేదికలన్నీ నేను రాసినవే. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా వాటిని చూసి నేర్చుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పనేమిటో ముందు చెప్పాలి. మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడే సోషల్ వర్క్ చదివి, కొన్నేళ్లు ఆసుపత్రిలో చేశాను. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. కార్మికులు పనిచేసే చోటే వాళ్ల మనసు బాగోగులు చూడాలని ఆ సంస్థ కార్యక్రమాలు నడిపేది. ఒకచోట కౌన్సెలర్‌ను పెట్టేది, ఇంకోచోట సమావేశాలు జరిపేది. వాటివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని వెళ్లి చూడటం, జరగకపోతే ఏం మార్చాలో చెప్పడం నా ఉద్యోగం. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయే మగవాళ్లు, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే కార్మికులు, వీళ్ల మధ్యే నా సర్వీసంతా గడిచింది. బావులు ఎండిన ఏళ్లు, మగ్గాలు ఆగిపోయిన ఏళ్లు, ఏ బస్టాండులో చూసినా ముంబయి బస్సు కోసం సంచులు పెట్టుకుని కూర్చున్న మనుషులు కనిపించిన ఏళ్లు అవి.

ప్రమోషన్లు, సన్మానాలు, మీటింగుల గురించి రాయను. నేను చెప్పాల్సింది ఒక్క మనిషి గురించి. రాజమౌళి అనే నేత కార్మికుడు. అలాంటివాళ్లు చనిపోకుండా చూడటానికే మా కార్యక్రమం పెట్టారు. అది సరిగ్గా నడవడం లేదని నన్ను పంపారు. నేను వెళ్లి బాగుచేశాను. బాగుచేశాక అతను చనిపోయాడు. అక్కడికి రావడానికి ముందు ఇంకో రెండు సంగతులు చెప్పాలి. ఆ రెండూ నాకు పాఠం చెప్పాయి, నేను విన్నాను, ఆ తర్వాత మర్చిపోయాను.

మంచిగనే ఉన్న

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు మా సంస్థ నెలకోసారి సమావేశం పెట్టేది. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదలడం, కష్టసుఖాలు ఒకరికొకరు చెప్పుకోవడం. ఏడాది అయ్యాక వాళ్లెలా ఉన్నారో తెలుసుకోవడానికి ప్రశ్నల కాగితాలు పట్టుకుని నేను వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేక, అందరూ ఒకచోట దొరుకుతారు కదా అని, చుట్టిన బీడీలు అప్పగించే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్కడ ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు కట్టలు విప్పి చూస్తుంటాడు. నచ్చని కట్టను పక్కకు నెడుతుంటాడు. ఆ వరుసలో ఉన్నవాళ్లనే ఒక్కొక్కరిని పిలిచి అడిగాను. నిద్ర పడుతోందా? దిగులుగా ఉంటోందా? ఎందుకు బతకాలి అనిపిస్తోందా?

అందరిదీ ఒకటే జవాబు. "మంచిగనే ఉన్న మేడం."

సమావేశాలు చక్కగా పనిచేస్తున్నాయని నివేదిక రాసి పంపాను. ఆరు నెలల తర్వాత మెట్‌పల్లి బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. ఆ వరుసలో నిలబడ్డ సత్తవ్వ. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"గా దినం టేకేదారు ముంగట అడిగితిరి మేడం. నాకు మంచిగ లేదంటె ఊకుంటడా ఆయన? దీని చేతులు నడుస్తలేవని నా కట్ట పక్కకు పెడ్తడు. గీ మాత్రం తెల్వదా మీకు? గంత సదువు సదివిండ్రు."

"ఇప్పుడు చెప్పు సత్తవ్వా. ఎట్లున్నవ్?" అన్నాను.

"ఇప్పుడు బస్సుల ఉన్న," అని కిటికీ వైపు తిరిగింది.

ఏమడుగుతున్నామన్నది తర్వాత సంగతి, ఎవరి ఎదుట అడుగుతున్నామో ముందు చూసుకోవాలని అప్పటి నుంచి కొత్తవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో ఈ సంగతి చెబితే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

బీర్పూర్ గది

గల్ఫ్‌లో లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్ల కోసం ఒక ఫోన్ నంబరు పెట్టారు. చేస్తే తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దొరుకుతుంది. ఎవరూ చేయలేదు. మనవాళ్లకు అవగాహన లేదని మా మూర్తి సార్ అన్నారు. ఆయన హైదరాబాద్‌లో నా పై అధికారి. అవగాహన కోసం పోస్టర్లు వేశారు. అయినా ఎవరూ చేయలేదు.

కారణం తెలుసుకుందామని, సెలవు మీద జగిత్యాల దగ్గర సొంతూరు బీర్పూర్ వచ్చిన ఒకతన్ని కలిశాను.  అతనన్నాడు:

"మా గదిల ఉన్నోల్లంత బీర్పూరోల్లే మేడం. నేను ఫోన్ల ఏడిస్తె తెల్లారేసరికి మా అవ్వకు తెలుస్తది. నా పెండ్లానికి తెలుస్తది. ఊరంత తెలుస్తది. గక్కడ పనున్నది, తిండున్నది. ఏడ్వనీకె జాగ లేదు."

ఊరివాళ్లంతా ఒక గదిలో ఉంటే ధైర్యంగా ఉంటుందని మేమంతా అనుకున్నాం. మా కాగితాల్లో అది బలం అనే గడిలో ఉండేది. ఆ ఫోన్ నంబరు ఏడాదిన్నరకు మూతపడింది. మూతపడిన కార్యక్రమాల మీద నాకిప్పుడు కోపం లేదు. వాటివల్ల మేలు జరగలేదు, కీడూ జరగలేదు. బాగా నడిచిన కార్యక్రమమే నా ప్రాణానికి చుట్టుకుంది.

తెగిన పోగు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచాలుండే చోటు కార్ఖానా. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని తన కార్ఖానాలో నేయించేవాడు ఆసామి. సాంచాల నడుమ నిలబడి వాటిని నడిపేవాడు కార్మికుడు. నేసినంతకే కూలి, నిలబడినంతకు కాదు. ఒక్కో మనిషి చాలా సాంచాలు చూసుకుంటాడు. లోపలికి అడుగుపెడితే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. వాళ్లు పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు.

ఆ ఏళ్లలో అక్కడ చావు మీద చావు, అన్నీ ఆత్మహత్యలే. మా సంస్థ కొన్ని కార్ఖానాలను ఎంచుకుని వినోద అనే కౌన్సెలర్‌ను పెట్టింది. సిరిసిల్ల పిల్లే, మనసున్న మనిషి. కార్ఖానా బయట రేకుల కింద రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేది. రెండో కుర్చీ ఖాళీగా ఉండేది. నన్ను పంపింది అందుకే.

కనకయ్య అనే ఆసామి కార్ఖానాలో వారం రోజులు ఉన్నాను. ఎవరూ ఎందుకు రారో రెండు రోజుల్లోనే అర్థమైంది. ఒక మనిషి బయటికి వెళ్తే అతని సాంచాలు కూడా పక్కవాడే చూడాలి. పావుగంట కౌన్సెలింగ్ అంటే పక్కవాడికి పావుగంట నరకం. ఎవరు లేచి వెళ్లారో కార్ఖానా అంతటికీ కనిపిస్తుంది కూడా.

అక్కడే రాజమౌళి పరిచయం. నలభై దాటిన మనిషి, తక్కువ మాటలు. చాయ్ తాగడానికి బయటికి వచ్చినప్పుడు పలకరించాను.

"ఎట్లున్నవ్ రాజమౌళన్నా? నిద్ర మంచిగ వడ్తాందా?"

"మీరందరు నిద్ర సంగతే అడుగుతరేంది మేడం? ఈడ నిద్ర ఎవ్వలకు వడ్తది? అడగాల్సింది అది గాదు."

"మరేం అడగాలె?"

చాయ్ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులతో గాలిలో చూపిస్తూ చెప్పాడు.

"పడుగుల పోగు తెగుతదనుకో. సాంచ ఆగది. నడుస్తనే ఉంటది. మనమే చూసి ముడెయ్యాలె, లేకుంటె బట్టల గీత వడ్తది. మంచిగున్నోనికి పోగు తెగంగనే చెయ్యి దానంతట అదే పోతది. మనసు మంచిగ లేనోనికి గూడ తెగింది కనవడ్తది మేడం. కనవడ్తది గని చెయ్యి లేవది. చూసుకుంట నిలవడ్తడు."

"నీకు గట్లయితాందా అన్నా?"

తలుపు వైపు ఒకసారి చూశాడు. "ఈ నడుమ అయితాంది. ఎవ్వలకు చెప్పకుండ్రి."

"చెప్పను."

వినోదతో ఒక్కసారి మాట్లాడమని బతిమాలాను. సరేనన్నాడు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లేటప్పుడు రెండు మూడుసార్లు ఆమె ఇంటికి వెళ్లి మాట్లాడాడు. ఆ రెండో కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు, కానీ మాట్లాడాడు. మందులకు డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలని వినోద అనుకుంటూనే ఉంది, అది జరగలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. అతను లోపలికి వెళ్లగానే, చాయ్ గ్లాసులు తీయకముందే, ఆ పోగు మాట నోటుబుక్కులో రాసుకున్నాను. ఒళ్లు పులకరించింది. ఏ పుస్తకంలోనూ లేని లక్షణం నాకు దొరికిందని సంబరం. చెప్పిన మనిషికి ప్రాణం మీదికి వచ్చి ఉందన్నది ఆ సంబరంలో రెండో సంగతైపోయింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ జబ్బు తొందరగా వస్తుంది, ఆలస్యంగా తెలుస్తుంది.

గోడ మీది చార్టు

నేను సూచించిన మార్పు వినడానికి ఎంతో బాగుంటుంది. కార్మికులు కౌన్సెలర్ దగ్గరికి రావడం లేదు. పొద్దంతా వాళ్లను చూస్తూ ఉండేది ఎవరు? ఆసామి. కాబట్టి ఆసాములకు శిక్షణ ఇద్దాం. మనసు బాగాలేని మనిషిని ఎలా గుర్తుపట్టాలో వాళ్లకు నేర్పుదాం. మూర్తి సార్‌కు ఇది చాలా నచ్చింది. కార్ఖానా గోడకు కొట్టుకునేలా బొమ్మలతో ఒక చార్టు వేయించాం. అందరితో కలిసి తినకపోవడం, ఊరికే బయటికి వెళ్తుండటం, ఇలాంటివి కొన్ని. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, "పోగు తెగింది కనబడినా చెయ్యి లేవక, చూస్తూ నిలబడిపోవడం." పక్కనే సాంచ ముందు చేతులు వేలాడేసి నిలబడ్డ మనిషి బొమ్మ. రాజమౌళి పేరు ఎక్కడా రాయలేదు. కాబట్టి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

శిక్షణ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఆ ఎంచుకున్న కార్ఖానాల ఆసాములే కాక, చుట్టుపక్కల ఆసాములూ వచ్చారు. అందరికంటే శ్రద్ధగా విన్నది కనకయ్య. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట తర్వాత మర్చిపోవద్దు. అంతకు రెండేళ్ల ముందు ఆయన కార్ఖానాలోనే ఒక కార్మికుడు ప్రాణం తీసుకున్నాడు.

"మల్ల గసొంటిది నా కండ్ల వడద్దు మేడం," అన్నాడు నాతో. "వాని పెండ్లం ఏడ్సిన ఏడుపు ఇప్పటికి చెవులల్ల ఉన్నది. మనిషిని గుర్తువట్టినంక ఏం జెయ్యాలె? సక్కగ చెప్పుండ్రి, నేను జేస్త."

"పనిభారం తగ్గించాలె. ఒంటరిగ ఇడ్సిపెట్టద్దు. వినోద దగ్గరికి తోలాలె," అన్నాను.

చేతిలోని కాగితం మీద రాసుకున్నాడు. పనిభారం తగ్గించాలి అన్నది నేను ఆఫీసుల్లో నేర్చుకున్న మాట. ఆఫీసులో నెల జీతగాడికి పని తగ్గిస్తే విశ్రాంతి దొరుకుతుంది. నేసినంతకే కూలి వచ్చేచోట పని తగ్గిస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న నాకు రాలేదు. ఆ హాల్లో ఉన్న ఆసాములెవరికీ రాలేదు. కార్మికులనెవరినీ ఆ హాల్లోకి పిలవలేదు కాబట్టి అడిగేవాళ్లు లేకపోయారు.

పెన్సిలు గీత

ఏడాది తర్వాత ఫలితం చూడటానికి మళ్లీ వెళ్లాను. మొదటిసారి నేను మాట్లాడిన వాళ్ల జాబితా చేతిలో ఉంది. అప్పుడూ ఇప్పుడూ దొరికిన వాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి, మధ్యలో వెళ్లిపోయిన వాళ్లను వదిలేయాలి. అది మా పద్ధతి. ఎవరూ తప్పుపట్టని పద్ధతి.

కనకయ్య కార్ఖానాలో రాజమౌళి కనిపించలేదు.

"పని మానిండు మేడం," అన్నాడు కనకయ్య. ఆయన ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. "మీరు చెప్పినట్టే పోగు తెగినా చూసుకుంట నిలవడ్డడు. రెండుసార్లు చూసిన. చార్టు కాడికి వోయి మల్ల చూసిన. అదే. ఎంటనే గుర్తువట్టిన."

"ఇప్పుడేడున్నడు?"

"భివండి వోయిండట. ఆల్ల చుట్టాలున్నరు."

ముంబయి పక్కనున్న భివండిలో పెద్ద పెద్ద కార్ఖానాలు. అక్కడ పని దొరికినట్టుందిలే అనుకున్నాను. "మంచి పని చేసిండ్రు," అన్నాను కనకయ్యతో. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. జాబితాలో రాజమౌళి పేరు మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన "అందుబాటులో లేరు" అని రాశాను. మిగతా కార్ఖానాల్లోనూ అలాంటి గీతలు గీయాల్సి వచ్చింది. చాలానే గీశాను. ఈసారి ఎందుకింత మంది లేరని ఒక్క ఆసామినైనా అడగలేదు. వలసలు పోయే ఏళ్లు కదా, మనుషులు పోతూనే ఉంటారని సరిపెట్టుకున్నాను.

ఉన్నవాళ్లు బాగున్నారు. నిజంగానే బాగున్నారు. బాగాలేని వాళ్లను ఏరి బయటికి పంపాక మిగిలినవాళ్లు బాగుండక ఏం చేస్తారు? నివేదిక మొదటి పేజీలోనే రాశాను: శిక్షణ పొందిన కార్ఖానాల్లో ఈ ఏడాది ఎవరూ చనిపోలేదు.

భివండి

ధర్మపురి వెళ్దామని జగిత్యాల బస్టాండులో నిలబడి ఉండగా వినోద ఫోన్ చేసింది. ముందు ఏడ్చింది. తర్వాత చెప్పింది.

"అక్కా, రాజమౌళన్న శవం అచ్చింది. భివండిల తనే పానం దీసుకున్నడట."

నేను బస్సెక్కలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. మర్నాడు సిరిసిల్ల వెళ్లాక వినోద నాకు మొత్తం చెప్పింది. అంత్యక్రియలకు వచ్చిన కార్మికుల దగ్గర ఆమె ఒక్కొక్కటిగా కూర్చుకున్న సంగతులు అవి. కనకయ్య మొదట అతని సాంచాలు సగం తీసి పక్కవాడికిచ్చాడు. ఆ తర్వాత అన్నీ తీసేసి, ఇంటికాడ ఉండు, మంచిగైనంక రా అన్నాడు. ప్రేమగానే అన్నాడట. వినోద దగ్గరికి తోలాలన్న మూడో మాట ఆ కాగితం మీదే మిగిలిపోయింది. రాజమౌళి ఇంకో ఆసామి దగ్గరికి వెళ్లాడు. ఆయన కనకయ్యను అడిగాడు. మూడో ఆసామీ అంతే. అందరూ ఒకే హాల్లో ఒకే శిక్షణ పొందినవాళ్లు. అందరి గోడలకూ ఒకే చార్టు. పాతికేళ్లుగా సాంచాలు నడిపిన మనిషికి సిరిసిల్లలో నిలబడటానికి సాంచ లేకుండా పోయింది. భివండి బస్సెక్కేముందు వినోద కోసం ఆమె ఇంటికి వచ్చాడట. అప్పుడామె హైదరాబాద్‌లో ఉంది. మా కార్యక్రమం ఎంత బాగా నడుస్తోందో మూర్తి సార్‌కు చెప్పడానికి ఆమెను పిలిపించింది నేనే.

కనకయ్య దగ్గరికి వెళ్లాను. అరవాలని వెళ్లాను. ఆయన కార్ఖానా బయట తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేనేం తప్పు జేసిన మేడం?" అన్నాడు. "పనిభారం తగ్గించుమన్నది మీరే. తగ్గించిన. వాన్ని నేను తిట్టలే, కొట్టలే. నా కార్ఖానల కావద్దని మొక్కుకున్న. నా కార్ఖానల కాలే గదా?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. జవాబు కావాలి ఆయనకు. నా నివేదిక మొదటి పేజీలో ఉన్నదీ, ఆయన అన్నదీ అక్షరం తేడా లేకుండా ఒకటే. అరవకుండానే వచ్చేశాను.

మూర్తి సార్ మాట

హైదరాబాద్ వెళ్లి మూర్తి సార్‌తో చెప్పాను. నివేదిక తప్పు, వెనక్కి తీసుకుందామన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగా బాధపడ్డారు.

"చాలా విచారకరం అమ్మా. కానీ ఒకటి ఆలోచించు. అతను మన శాంపిల్‌లో లేడు కదా."

"మనం తీసేశాం కాబట్టి లేడు సార్."

"పద్ధతి ప్రకారమే తీశాం. నువ్వో నోట్ రాయి, చివర అనుబంధంలో పెడదాం."

నాలుగు పేజీల నోట్ రాశాను. వెళ్లిపోయిన వాళ్లందరినీ వెతకాలని, ఆసాములకు ఇచ్చే శిక్షణ వెంటనే ఆపాలని, చార్టులు తీసేయాలని. అచ్చు వేసిన నివేదికలో అనుబంధం లేదు. పేజీలు ఎక్కువయ్యాయన్నారు. ఆ నివేదిక చూసి కార్యక్రమాన్ని ఇంకొన్ని ఊళ్లకు పెంచారు. చార్టు రంగుల్లో వేశారు. అందులో పోగు మాట అలాగే ఉంది.

ఉద్యోగం మానేశానని రాస్తే చదివేవాళ్లకు తృప్తిగా ఉంటుంది. మానలేదు. పిల్లల చదువులున్నాయి, ఇల్లుంది, లోపల ఉండి మారుస్తానన్న భ్రమ ఉంది. ఇంకా చాలా ఏళ్లు చేశాను. ఏమీ మార్చలేదు. వినోద మానేసింది. ఆమె నాకంటే చిన్నది, నాకంటే ధైర్యస్థురాలు.

ఆ ఇద్దరు అమ్మాయిలకు

మీరు ఫోటోలు తీసుకున్న వాటిలో ఆ నివేదిక ఉంది. అందుకే ఇదంతా.

ఏ కార్యక్రమమైనా బాగా నడుస్తోందని ఎవరైనా చెబితే, అక్కడ లేనివాళ్ల పేర్లు అడగండి. ఉన్నవాళ్లు చెప్పేది ఎలాగూ వింటారు. వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లకు వెళ్లండి, బస్సు ఎక్కడికి పోతే అక్కడికి వెళ్లండి. దానికి డబ్బులు లేవంటారు, టైము లేదంటారు. అయినా అడగండి. కూలి ఇచ్చేవాడి చేతిలో మనిషి మనసు గురించిన ఏ సమాచారమూ పెట్టకండి, అతను దేవుడిలాంటివాడైనా సరే. ఆ సమాచారంతో అతను చేయగలిగిన పని ఒక్కటే ఉంటుంది, అదే చేస్తాడు. ఇక మనిషి మీకు ఒక మాట చెబితే, పేరు రాయకపోతే చాలని మోసపోకండి. మాటే మనిషి.

ఇవన్నీ చేస్తే మనుషులు బతుకుతారా? నాకు నమ్మకం లేదు. పని లేని చోట, మనిషిని తరిమే చోట, ఊపిరి పీల్చి వదలమని చెప్పే కార్యక్రమం ఎంత బాగుచేసినా ఎంత పనిచేస్తుంది? ముప్పై ఏళ్లు చేశాక కూడా నాకు తెలియదు. మన చేతుల మీదుగా కీడు జరగకుండా చూసుకుంటే అదే గొప్ప. నేను అది కూడా చూసుకోలేకపోయాను.

భాగ్య

ఇది ముందే చెప్పాల్సింది. చేతులు రాక చివరికి పెట్టాను.

కర్మకాండలన్నీ అయ్యాక రాజమౌళి భార్య దగ్గరికి వెళ్లాను. ఆమె పేరు భాగ్య. మధ్యాహ్నం, గడప దగ్గర కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పుకున్నాను. కూర్చోమని పీట జరిపింది. చేతులు ఆపలేదు.

"పని తక్కువున్నదన్నడు ఆసామి," అంది. "ఈయన గూడ గదే అన్నడు. భివండిల మంచిగున్నదట, పోతనన్నడు. పో అన్న. నేనే పో అన్న మేడం. సంచి నేనే సదిరిన. బస్సు కాడికి నేనే వోయిన. మొకం జర దిగినట్టున్నది గని, ఇల్లు ఇడ్సిపెట్టి పోయేటోనికి ఉండదా అనుకున్న."

చుట్టిన బీడీ చాటలో వేసి ఇంకో ఆకు తీసుకుంది.

"మొన్న ఆయన టిఫిన్, అంగి తెచ్చుకుందామని కార్ఖానకు వోయినం. మా బిడ్డ గోడ మీద రాసింది సదివింది. పోగు తెగింది కనవడినా చెయ్యి లేవదని. ఇనంగనే గుర్తువట్టిన. అది ఆయన మాటనే. సాంచ మీద పనిచేసేటోల్లు మస్తుమందున్నరు, గట్ల మాట్లాడేది ఆయనొక్కడే. ఇది ఎవ్వలు రాపిచ్చిండ్రని ఆసామిని అడిగిన. మీ పేరు చెప్పిండు."

"నాకే చెప్పిండు భాగ్యా."

"మిగిలింది వినోద చెప్పింది. ఆసామికి ఎరుకే. వినోదకు ఎరుకే. మీకు ఎరుకే. పని ఇయ్యనన్న ఆసాములందరికి ఎరుకే. ఇంట్ల ఉన్నది నేను గదా మేడం. నాకు ఎరుకుంటె పోనిద్దునా? కాళ్లు వట్టుకోనైన ఆపక పోదునా? నాకెందుకు చెప్పలే?"

"ఎవ్వలకు చెప్పద్దన్నడు. చెప్పనని మాటిచ్చిన."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఎవ్వలకు చెప్పనని మాటిచ్చి గోడకు కొట్టిండ్రా మేడం?"